పిక్కకు మొహమాటం లేదు

మా ఇరిగేషను డివిజను ఆఫీసులో ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఇప్పుడు ఏ పెళ్లిలోనో కలిస్తే నవ్వుకోవడానికి ఒక మాట మిగిలింది. ఎవరి ఇంటి ప్లానైనా అడ్డదిడ్డంగా వచ్చిందంటే "ఇదేమన్నా చింతపిక్కల డిజైనా?" అంటారు. మొన్న విజయవాడలో ఒక రిసెప్షనులో మళ్లీ విన్నాను. పక్కనున్నాయన అర్థం కాక అదేమిటని అడిగితే, అప్పటి మా హెడ్ గుమాస్తా గారు ఉత్సాహంగా అందుకున్నారు.

"మా దగ్గర ఒక జూనియర్ ఇంజనీరుండేవాడు లెండి. జనం చేత చింతపిక్కలు పెట్టించి వంతెన డిజైన్ చేశాడు. పిక్కలన్నీ మెట్లకే పడ్డాయని మెట్లు కట్టారు. కట్టాక ఆ జనమే వచ్చి తిట్టారు."

అందరూ నవ్వారు. నేనూ పెదవులు కదిపాను.

ఆ జూనియర్ ఇంజనీరు నా స్నేహితుడు. ఆ కథలో ఒక ముక్క అబద్ధం. ఆ ముక్క చెప్పింది నేను.

డెబ్బైల మొదట్లో అతనూ నేనూ కాస్త అటూ ఇటూగా ఒకేసారి ఉద్యోగంలో చేరాం. గవర్నరుపేటలో మేడ మీద గది. గది అనడం కూడా ఎక్కువే. నీళ్ల ట్యాంకు పక్కన మిగిలిన చోటుకి గోడలు లేపి మాకు అద్దెకిచ్చారు. కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం నా వంతు, చారు అతని వంతు. అతనిది బందరు. వాళ్ల నాన్నగారు మిషను బడిలో మేష్టారు. చారు మరుగుతుంటే అతను కీర్తన పాడుకునేవాడు. గడియారం చూసేవాడు కాదు. "రెండో చరణం అయిందంటే దింపెయ్యొచ్చు గురూ" అనేవాడు. కీర్తన నెమ్మదిగా సాగిన రోజు చారు చిక్కగా ఉండేది. ఆ చారు రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. మా ఇంట్లో ఎన్నిసార్లు చేయించుకున్నా అది రాలేదు.

మాది కాలవ కింద మాగాణి ఉన్న రైతు కుటుంబం. సెలవుకి ఇంటికెళ్లినప్పుడు రూములో ఎవరుంటారని మా అమ్మ అడిగితే, అతని ఊరు చెప్పేవాణ్ణి, ఉద్యోగం చెప్పేవాణ్ణి, పేరు మాత్రం నోట్లోనే మింగేసేవాణ్ణి. పేరు చెబితే కులం అడిగేది. ఈ సంగతి అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసే ఉంటుంది.

ఆ రోజుల్లోనే "వాల్యూ ఇంజనీరింగ్" అనే మాట పైనుంచి మా ఆఫీసుకి దిగింది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈ గారికి దానర్థం ఒక్కటే: సిమెంటు తగ్గించండి. నా స్నేహితుడు మాత్రం ఎక్కడో దాని గురించి కాస్త చదివాడు. చదివినప్పటి నుంచి అతనికి అదొక పిచ్చి పట్టుకుంది.

"వెల వేరు, విలువ వేరు గురూ. వెల మన ఎస్టిమేటులో ఉంటుంది. విలువ వాడేవాడి దగ్గర ఉంటుంది. వాణ్ణి అడక్కుండా మనకెలా తెలుస్తుంది?"

ముందు ఏ వస్తువైనా ఏం చేస్తుందో రెండు మాటల్లో చెప్పాలట. తర్వాత ఎవరికి చేస్తుందో చెప్పాలట. ఆ తర్వాతే స్కేలు ముట్టుకోవాలట. కనిపించిన ప్రతిదానికీ ఈ ప్రశ్న వేసేవాడు. మా గది కిటికీ రెక్క ఒకటి ఎప్పుడూ మూతపడేది కాదు. దాన్ని బాగుచేయించమని ఇంటాయనతో నేను గొడవ పెట్టుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కిటికీ ఏం చేస్తుంది?"

"గాలి ఇస్తుంది."

"ఇస్తోందిగా. ఇంక ఆయనతో నీకు పనేంటి?"

"వాన కూడా ఇస్తోంది నాయనా. నీ మంచం అటు జరుపుకుని మాట్లాడు."

ఆ రాత్రి నిజంగానే మంచాలు మార్చుకున్నాం. వాన పడింది. పొద్దున్నే లేచి, తడిసిన దుప్పటి పిండుకుంటూ, "ఎవరికి చేస్తుందో అడగడం మర్చిపోయాను గురూ" అన్నాడు.

సాయంత్రాలు బ్యారేజీ మీదకి నడిచేవాళ్లం. గేట్లు వేసి ఉంటే ఒక పక్క నిండు నీళ్లు, ఇంకో పక్క ఇసక. అక్కడ రెయిలింగుకి ఆనుకుని అతను చెప్పేవాడు, నేను ఎదురు వాదించేవాణ్ణి. నాకు వాదన కంటే ఆ గాలి, అతని గొంతు ముఖ్యం. ఆ తర్వాత నా ఉద్యోగంలో పెద్ద పెద్ద పనులు చూశాను. ఒక పనిని అంత ఇష్టంగా ఆలోచించే మనిషి పక్కన మళ్లీ నిలబడలేదు.

ఆ పరిస్థితుల్లో మా ఇద్దరి చేతికీ ఒక చిన్న వంతెన వచ్చింది. కూచిపూడి వైపు వెళ్లే బస్సు దిగి, కాలవ గట్టు వెంట కొంత దూరం నడిస్తే ఆ ఊరు. ఇవతలి గట్టున ఊరు, అవతలి గట్టున క్రైస్తవుల పేట. మధ్యలో బల్లకట్టు, అంటే తాడు పట్టుకుని లాగితే అటూ ఇటూ తిరిగే చెక్కల తెప్ప. దాని బదులు నడక వంతెన కట్టాలి. కాలవలో అప్పటికింకా ధాన్యం పడవలు తిరుగుతున్నాయి కనక, పడవ పట్టేంత ఎత్తు తప్పదు. ఎత్తు ఎక్కడానికి రెండు దార్లు. మెట్లు కడితే తక్కువ చోటు చాలు. వాలుగా బాట పోస్తే రెండు గట్ల మీదా చాలా దూరం నేల కావాలి. ఇవతలి గట్టున ఆ నేల ఊరి ప్రెసిడెంటు గారి చేలోది.

మెట్లా, వాలా? తేలాల్సింది అంతే.

నా స్నేహితుడు ఊరి వాళ్లని అడుగుదామన్నాడు. అడగడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. మనిషికి గుప్పెడు చింతపిక్కలు ఇస్తాడు. నేల మీద సుద్దముక్కతో వరసగా గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో బొమ్మ వేస్తాడు: ఉత్తచేతుల మనిషి, సైకిలు, నెత్తిమీద గడ్డిమోపు, నీళ్ల బిందె, చూలాలు, లేగదూడ. వంతెన మీద నీకు ఏది సుఖంగా దాటాలో దాని మీద పిక్కలు పెట్టు. ఎక్కువ కావాలంటే ఎక్కువ పెట్టు. ఉత్తచేతుల మనిషికే పడితే మెట్లు చాలు, మిగతావాటికి పడితే వాలు కావాలి. అంతే.

"ఈ పిల్లాటలెందుకు? నోటితో అడిగితే చెప్పరా?" అన్నాను.

"ఏం చెబుతారు? మీ ఇంట్లో భోజనానికి కూర్చున్నవాణ్ణి ఇంకాస్త వడ్డించనా అని అడిగితే ఏమంటాడు?"

"పర్లేదండీ అంటాడు."

"అంటే చాలనా, వెయ్యమనా?"

"వెయ్యమనే. మీ అమ్మగారు అడిగితే నేనూ అంతేగా."

"మరి ఇంజనీరు ప్యాంటూ షర్టూ వేసుకుని, ప్రెసిడెంటు గార్ని పక్కన పెట్టుకుని, మెట్లు పర్లేదా అని అడిగితే? మనవాళ్లు ఎదురుగా ఉన్న మనిషికి కాదని చెప్పలేరు గురూ. పిక్కకు మొహమాటం లేదు."

ఇవతలి గట్టున రామాలయం అరుగు ముందు ఆ ఆట పెట్టించాడు. ముందు ఎవరూ కదల్లేదు. ఒక ముసలాయన లేచి తన గుప్పెడూ తీసుకెళ్లి దూడ మీద బోర్లించి వచ్చాడు. ఆయన భార్య ఆడవాళ్లలోంచి అందుకుంది.

"చూశారా అండీ? నలభై ఏళ్ల కాపరం. నెత్తిమీద మోపు పెట్టుకుని దాటేది నేను. ఆయనకి దూడే కనపడింది."

"దూడ నాతో పోట్లాడదు" అన్నాడాయన కూర్చుంటూ.

ఆమె తన పిక్కలన్నీ మోపు మీద పెట్టింది. మొగుడి పిక్కల్లోంచి కూడా నాలుగు తీసి మోపు మీదికి జరిపింది. ఇద్దరివీ కలిపి చూస్తే వాలుకే పడ్డట్టు. నా స్నేహితుడు వాళ్లతో పాటు నేల మీద గొంతుక్కూర్చుని, మోకాళ్ల నిండా సుద్దతో, వెలిగిపోతున్నాడు. అతన్ని తలుచుకుంటే నాకు ఎప్పుడూ ముందు ఆ మోకాళ్లే గుర్తొస్తాయి.

చివరి గుండ్రంలో అతను ఒక పొడుగాటి పెట్టె బొమ్మ వేశాడు. ఆడవాళ్లు చూసి, అదేమిటో తెలిసి, ఆ అపశకునం చెరిపెయ్యండి బాబూ అన్నారు. చెరిపేశాడు. తిరిగి వస్తూ నాతో అన్నాడు: "పేటవాళ్ల సమాధుల దొడ్డి ఇవతలి గట్టునుంది చూశావా? అటువైపు నేల పల్లం, తవ్వితే నీళ్లు ఊరతాయి. వాళ్ల పెట్టె ఈ కాలవ దాటి రావాల్సిందే. అవతల ఆ బొమ్మ మర్చిపోకూడదు."

అవతలి గట్టుకి వెళ్లాల్సిన వారంలోనే అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు పిండి అద్దినట్టయ్యాయి. బందరు వెళ్లిపోతూ పిక్కల సంచీ నా చేతిలో పెట్టాడు.

నేను వెళ్లాను. బల్లకట్టు మీద నాతో పాటు ప్రెసిడెంటు గారు ఎక్కారు. వస్తానని ఆయనే అన్నారు. మాటల్లో మా ఊరు, మా ఇంటిపేరు కనుక్కున్నారు. మా మేనత్త తరఫున ఏదో చుట్టరికం తేల్చి, "అయితే మనవాడివే" అని భుజం తట్టారు. అవతల దిగేసరికి నేను ఇంజనీరుగా కంటే మనవాడిగా ఎక్కువ నడుస్తున్నాను.

పేటలో చర్చి ముందు పందిరి కింద జనం కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచారు. రెండు కుర్చీలు వేశారు. ఒక పెద్దావిడ గాజు గ్లాసులో టీ పోసి, పళ్లెంలో పెట్టి నా ముందుకు తెచ్చింది. గ్లాసు తళతళలాడుతోంది. అప్పుడే కడిగినట్టుంది, అంచున నీటి బొట్టు కూడా ఉంది.

ప్రెసిడెంటు గారు కుర్చీలో కూర్చోలేదు. కాలవ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ గ్లాసు వంక చూడనైనా లేదు.

గదిలో నేను నా స్నేహితుడి కంచంలో తిన్నవాణ్ణి. అతను తాగి ఇచ్చిన చెంబులో నీళ్లు తాగినవాణ్ణి. అక్కడ, మా మేనత్త చుట్టం ముందు, ఆ గ్లాసు అందుకోలేకపోయాను.

"పర్లేదండీ" అన్నాను.

ఆవిడ రెండోసారి అడగలేదు. భోజనం దగ్గరయితే ఎవరైనా రెండోసారి అడుగుతారు. ఆవిడకి నా పర్లేదు ఏ పర్లేదో అర్థమైంది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నేల మీద సుద్దముక్కతో బొమ్మలు వెయ్యాలంటే గొంతుక్కూర్చోవాలి. వాళ్ల మధ్య ఎంతసేపో ఉండాలి. సంచీ నా చంకలోనే ఉంది. నిలబడే అడిగాను.

"వంతెనకి మెట్లు కట్టాలనుకుంటున్నారు. మీకు పర్లేదుగా?"

వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ప్రెసిడెంటు గారి వీపు చూశారు. టీ తెచ్చినావిడ గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. అందరికంటే పెద్దాయన, నులకమంచం పట్టెకి ఆనుకుని ఉన్నాయన, అన్నాడు:

"పర్లేదండీ."

తర్వాత అందరూ అదే అన్నారు. నేను బల్లకట్టు ఎక్కేశాను.

నా స్నేహితుడు కాస్త కోలుకుని, ఇంకా కళ్లల్లో పసుపు పూర్తిగా పోకుండానే తిరిగొచ్చాడు. బట్టల సంచీ భుజం నుంచి దించకుండానే అడిగాడు.

"అవతల పిక్కలు ఎలా పడ్డాయి?"

"మెట్లకే."

"పెట్టె బొమ్మ మీద?"

"పెద్దగా పడలేదు."

అతను మంచం మీద కూర్చున్నాడు. నా మొహంలోకే చూశాడు. నేను పట్టుబడ్డాననే అనుకున్నాను. చివరికి నవ్వాడు.

"చూశావా గురూ? వాళ్లకి వాలు కావాలని నేను ఖాయం చేసేసుకున్నా. మనవాళ్లు కదా, నాకు తెలియదా అనుకున్నా. అందుకే అడగాలి. రోజూ ఎక్కువ దాటేది వాళ్లే, వాళ్ల పిక్కలే ఖాయం."

అతను తన కంటే తన పద్ధతిని ఎక్కువ నమ్మాడు. మర్నాడు ఆఫీసులో, అప్పటికే తను గీసి ఉంచిన ట్రేసింగు బల్ల మీద పరిచి, వాలు గీతలన్నీ బ్లేడుతో గోకేసి, ఆ చోటే మెట్లు గీశాడు. పక్క బల్ల దగ్గర కూర్చుని నేను ఆ గోకుడు వింటూనే ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. పిక్కలు పెట్టలేదని చెప్పడం అంత కష్టం కాదు. ఎందుకు పెట్టలేదని అడుగుతాడు. టీ సంగతి చెప్పాలి. అది అతనికి చెప్పలేను. ఒక మనిషి కంచంలో తింటూ అతనితో చెప్పలేని మాట అదొక్కటే.

వంతెన లేచింది. బల్లకట్టు తీసేశారు. ఒకరోజు పొద్దున్న నేను వంతెన చివరి పనులు చూడ్డానికి వెళ్లేసరికి పేటలోంచి పాటతో పెట్టె వస్తోంది. పోయింది ఆ నులకమంచం దగ్గరి పెద్దాయన. పేట చర్చికి ఒక చక్రాల బండి ఉంది, పెట్టెని దాని మీద పెట్టి తోసుకుని వస్తారు. అంతకు ముందు ఆ బండి అలాగే బల్లకట్టు ఎక్కి, అలాగే దిగేది. ఇప్పుడు మెట్ల దగ్గర ఆగిపోయింది. పెట్టె దించి భుజాలకెత్తుకున్నారు. ముందువాళ్లు పైమెట్టు మీద, వెనకవాళ్లు కిందమెట్టు మీద. పెట్టె ఏటవాలుగా లేచింది. లోపల ఏదో కిందికి జరిగిన చప్పుడు.

పాట ఆగిపోయింది. మోసేవాళ్లు కూడా ఆగిపోయారు. ఆ టీ గ్లాసు ఆవిడ వెనకాలే ఉంది. ఆయన భార్య అని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ చెయ్యి చాచి, పెట్టె కింది చివర అరచెయ్యి ఆనించి పట్టుకుంది, పడిపోబోయే బిడ్డ తలకి ఆనించినట్టు. అలాగే మెట్లన్నీ ఎక్కింది. మళ్లీ కదిలారు గానీ పాట ఇవతలి గట్టున మెట్లు దిగేదాకా ఎవరూ ఎత్తుకోలేదు.

పేటవాళ్లు పాస్టరు గారిని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చారు. గట్టిగా మాట్లాడింది కూడా లేదు, తిట్టడమైతే అసలే లేదు. ఆ తిట్టడం హెడ్ గుమాస్తా గారి కథలో తర్వాత చేరింది. ఈఈ గారే గొంతు పెంచారు.

"మిమ్మల్ని అడిగే కట్టాం కదయ్యా. పిక్కలు కూడా పెట్టించాం. అప్పుడు మెట్లే అన్నారు కదా?"

పిక్కలు అంటే వాళ్లకి అర్థం కాలేదు. ఒకాయన ఏదో అడగబోయాడు. నేను గోడనున్న మ్యాపు వంక చూస్తున్నాను. అంతలో నా స్నేహితుడు లేచి నిలబడ్డాడు.

"వాళ్ల తప్పు కాదండీ. అడిగిన పద్ధతి నాది. పద్ధతిలోనే లోపం ఉంది."

అదే అతను మానేసిన రోజు. ఆ తర్వాత ఏ వస్తువునీ ఏం చేస్తుందని అడగలేదు. పిక్కల సంచీ కింది వాటా పిల్లలకి వామనగుంటలు ఆడుకోమని ఇచ్చేశాడు. చారు మాత్రం చేసేవాడు, గడియారం చూసి దింపేవాడు. కొన్నాళ్లకి చెరువు పనుల మీద మైలవరం వైపు బదిలీ అడిగి వెళ్లిపోయాడు. నేను గది మార్చలేదు. కిటికీ రెక్క కూడా బాగుచేయించలేదు. వాన పడ్డ రాత్రి అవతలి మంచం ఖాళీగా తడిసేది.

చెప్పేద్దామని ఒకసారి మైలవరం వెళ్లాను. అతను చెరువు గట్టు మీద తూము పని దగ్గర ఉన్నాడు. ఒక రైతు వచ్చి, తూము తలుపు ఇంకాస్త ఇటు పెడితే ఆడవాళ్లు కూడా తిప్పగలరేమో అన్నాడు. నా స్నేహితుడు విసుక్కోలేదు. "టైపు డిజైనండీ. అన్ని చెరువులకీ ఇంతే" అన్నాడు మెత్తగా. ఆ మాట నన్ను తన్నినట్టయింది. అతని మోకాళ్ల వైపు చూశాను. ప్యాంటు ఇస్త్రీ నలగలేదు.

బస్‌స్టాండు ఎదురుగా టీ తాగాం. గ్లాసు పట్టుకుని మొదలుపెట్టాను.

"ఆ రోజు అవతలి గట్టు మీద..."

"పర్లేదు గురూ. వదిలెయ్" అన్నాడు.

బస్సు కదలబోతోంది. నేను వదిలేశాను. ఆ మాట నాకు సులువుగా ఉంది కనక పట్టుకుని ఎక్కేశాను. అదే తప్పు, రెండోసారి.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. అవతలి గట్టున చింతపిక్కలు పెట్టలేదు. పెట్టె బొమ్మ వెయ్యలేదు. ఆ పద్ధతి ఓడిపోలేదు, దాన్ని వాడాల్సిన చోట నేను వాడలేదు. వాలు గీసినవాడు సరిగ్గానే గీశాడు. ఆ గీతల్ని అతని చేతే చెరిపించింది నేను.

అతను బందరులోనే ఉన్నాడని తెలిసింది. దీన్ని ఎవరికీ ఇవ్వకముందే తీసుకెళ్లి అతనికి చదివి వినిపించాలి. విని, "పర్లేదు గురూ" అంటాడు. నాకు తెలుసు, అతను అదే అంటాడు. అప్పుడు నేను లేవకూడదు. కూర్చుని, రెండోసారి అడగాలి.